ఖడక్‌వాస్లా ఆదివారాలు: మూడేళ్లు, తొమ్మిది ప్రయాణాలు

మా అబ్బాయి 2022 ఆగస్టులో పుణే దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో చేరాడు. త్రివిధ దళాల కాబోయే అధికారులకు మూడేళ్ల శిక్షణ ఇచ్చే చోటు. వాడిది 148వ కోర్సు, అంటే బ్యాచ్. 2025 మే 30న పాసింగ్ అవుట్ పరేడ్ (శిక్షణ ముగింపు కవాతు) అయ్యేలోపు వాణ్ణి చూడటానికి తణుకు నుంచి తొమ్మిదిసార్లు వెళ్లొచ్చాం. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. ఏడాదికి 15 సి.ఎల్.లు (క్యాజువల్ లీవులు), వాటినే అటు సర్ది ఇటు సర్ది వెళ్లాలి. ఇప్పుడు కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ల నుంచి పిల్లలు ఎన్‌డీఏకి సెలెక్ట్ అయిన తల్లులు ఫోన్ చేసి, "ఎప్పుడు వెళ్లాలండీ, ఏం పట్టుకెళ్లాలండీ" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే కన్నా మేం పడ్డదంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందు మా తప్పు చెబుతాను. వాడు చేరిన వారానికే మావారు కూర్చుని దసరా సెలవుల్లో పుణేకి టికెట్లు తీసేశారు. నాకు బడి సెలవులు, వాడికి ఆదివారం, ఇంకేం కావాలి అనుకున్నాం. మా క్యాలెండర్ చూసుకున్నాం గానీ అకాడమీ క్యాలెండర్ చూడలేదు. అక్కడ ఆరు నెలలు ఒక టర్మ్. మొదటి టర్మ్ కేడెట్‌కి ఆదివారం వచ్చినంత మాత్రాన బయటకు రావడం కుదరదు. డ్రిల్ స్క్వేర్ టెస్ట్ అని ఒకటి ఉంటుంది. కవాతు నడక, తిరగడం, ఆగడం, సెల్యూట్, అన్నీ తప్పు లేకుండా చేసి చూపించాలి. అది పాసైతేనే లిబర్టీ, అంటే ఆదివారం బయటకు వెళ్లే అనుమతి. మేం వెళ్లేనాటికి మా వాడు ఇంకా ఆ పరీక్షే ఇవ్వలేదు.

దానికి తోడు ఇంకోటి. మేం ఎంచుకున్న ఆదివారం 2022 అక్టోబరు 2. ఆ తెల్లవారుజామునే పుణేలో చాందనీ చౌక్ దగ్గరి పాత వంతెనను పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. అందుకోసం ముందురోజు రాత్రి నుంచే హైవే మూసేశారు. మేం దిగింది స్టేషన్ దగ్గర లాడ్జిలో. పొద్దున్నే ఏ ఆటోవాలాని అడిగినా అటువైపు రానన్నాడు. చివరికి ఒక పెద్దాయన చుట్టూ తిప్పి తీసుకెళ్లాడు. గేటు దగ్గర దిగేసరికి నా ఒళ్లో టిఫిన్ క్యారియర్ చల్లారిపోయి ఉంది.

వాణ్ణి చూడగలిగింది నలభై నిమిషాలు. అందుకు కూడా నేను ఆ రోజు దణ్ణం పెట్టుకున్నాను. తల మీద వెంట్రుకలు లేవు, బుగ్గలు లోపలికి పోయాయి, మెడ వెనక ఎండకు కమిలిపోయింది. నేను దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకోబోతే నిటారుగా నిలబడి "గుడ్ మార్నింగ్ మ్యామ్" అన్నాడు. అన్నాక వాడికే తెలిసి, "అమ్మా" అన్నాడు. ఆ రెండు మాటల మధ్య నా గుండె ఎక్కడికి పోయిందో చెప్పలేను. పులిహోర పెడితే ఐదు నిమిషాల్లో పూర్తి చేశాడు. నమలడం కనిపించలేదు. మావారు "నెమ్మదిగా తిను నాన్నా" అంటుంటే వాడి కళ్లు గడియారం మీదే ఉన్నాయి.

అక్కడే హర్యానా నుంచి వచ్చిన ఒకావిడ పరిచయమైంది. వాళ్లమ్మాయి కూడా ఇదే కోర్సు. ఎన్‌డీఏలోకి ఆడపిల్లలను తీసుకున్న మొట్టమొదటి కోర్సు ఇదే, చేరింది 19 మంది. ఆవిడకు తెలుగు రాదు, నా హిందీ అంతంతమాత్రం. అయినా ఇద్దరం పావుగంట మాట్లాడుకున్నాం, సగం కన్నీళ్లతోనే. ఆవిడ చెప్పిన ఒక మాట మూడేళ్లూ నాకు పనికొచ్చింది. పిల్ల ఎదురుగా ఏడవకూడదట. మనం వెళ్లిపోయాక ఆ ఏడుపు మోసుకుంటూ తిరగాల్సింది వాళ్లేనట.

కాబట్టి మొదటి టర్మ్ సంగతి నా అనుభవం మీద గట్టిగా చెబుతున్నాను. డ్రిల్ టెస్ట్ పాసయ్యానని పిల్లవాడు స్వయంగా ఫోన్ చేసి చెప్పేదాకా టికెట్ తియ్యకండి. ఆ ఫోన్ కూడా ఎప్పుడో వస్తుంది. మొదట్లో చేతిలో మొబైల్ ఉండదు. మా వాడు వారానికోసారి రెండు మూడు నిమిషాలు మాట్లాడేవాడు, అందులో సగం "ఆరోగ్యం బాగుందా" అని ఒకరినొకరు అడగడంతోనే అయిపోయేది. అందుకని ఫోన్ పక్కనే ఒక చీటీ పెట్టుకునేదాన్ని. టెస్ట్ ఎప్పుడు, లిబర్టీ ఏ ఆదివారం, ఎన్నింటికి లోపలికి వెళ్లాలి, ఎవరి పేర్లు ఇవ్వాలి. ఫోన్ ఎత్తగానే ఈ నాలుగూ ముందు అడిగేసి, తర్వాతే ప్రేమ. వినడానికి కఠినంగా ఉంటుంది గానీ, అలా చేసినందుకే రెండో ప్రయాణం చక్కగా జరిగింది.

ఆ రెండోది దీపావళి తర్వాతి ఆదివారం, అక్టోబరు 30. టెస్ట్ పాసయ్యాడు. గేటు బయటకు వాడంతట వాడు నడుచుకుంటూ వచ్చాడు. నేను ఒక పెద్ద పథకం వేసుకున్నాను. దగడూశేఠ్ గణపతి దర్శనం, తర్వాత మంచి హోటల్లో భోజనం, సాయంత్రం శనివార్ వాడా, ఫొటోలు. కారెక్కి పది నిమిషాలు కాకముందే వాడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. మావారు డ్రైవర్‌తో "గదికి పోనివ్వండి బాబూ" అన్నారు. ఆ రోజు వాడు నాలుగు గంటలు పడుకున్నాడు, లేచి స్నానం చేశాడు, వేడివేడి అన్నం, పప్పు, ఆవకాయ తిన్నాడు, ఫోన్లో నానమ్మతో మాట్లాడాడు, మళ్లీ ఒక గంట పడుకున్నాడు. అంతే. మూడేళ్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయాణం అదే. మొదటి ఏడాది పిల్లవాడికి కావాల్సింది ఊరు చూడటం కాదు. ఎవరూ అరవని ఒక గది, తలుపు వేసి ఉన్న ఒక మంచం. గుళ్లు, గోపురాలు మనం ముందురోజో మర్నాడో చూసుకోవచ్చు.

తిండి విషయంలో మొదటిసారి నేను చేసింది ఎవరూ చెయ్యొద్దు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు, సున్నుండలు, జంతికలు, గోంగూర పచ్చడి, రెండు సంచుల నిండా. వాడు ఒక్కటి కూడా లోపలికి పట్టుకెళ్లనన్నాడు. గదిలో తనిఖీలు ఉంటాయి, దొరికితే శిక్ష పడేది వాడికే. అన్నీ తిరిగి తెచ్చుకున్నాం. పూతరేకులు రైల్లోనే పొడైపోయాయి. తర్వాత నుంచి అక్కడే కూర్చుని తినేవి మాత్రమే తీసుకెళ్లాను, అదీ ముగ్గురు నలుగురికి సరిపడా. ఎందుకంటే ఇంటివాళ్లు రాలేని కోర్స్‌మేట్లు తప్పకుండా వెంట వస్తారు. మిజోరం పిల్లవాడొకడు మా ఉలవచారు మూడుసార్లు వేయించుకుని తాగాడు. నేను వండిన దానికి అంతకన్నా మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

ఇక రైలు. మా గోదావరి జిల్లాల వాళ్లకు కోణార్క్ ఎక్స్‌ప్రెస్సే దిక్కు. రాజమండ్రి, తాడేపల్లిగూడెం, ఏలూరు, విజయవాడ, సికింద్రాబాద్ మీదుగా పుణే వెళ్తుంది. మాకు తాడేపల్లిగూడెంలో తెల్లవారకముందే ఎక్కాలి, పుణేలో దిగేసరికి నడిరాత్రి అటూ ఇటూ అవుతుంది. శనివారం ఎక్కితే ఆదివారం పూర్తిగా చేతికొస్తుంది, సాయంత్రం తిరుగు రైలెక్కితే సోమవారం ఇల్లు. అంటే రెండు సి.ఎల్.లు. తొమ్మిదింటిలో ఆరుసార్లు దీనిమీదే వెళ్లాం. ఆలస్యమైనప్పుడు విసుగు పుడుతుంది, కానీ ఎక్కడా మారాల్సిన పని లేదు. హైదరాబాద్ వాళ్లకు సికింద్రాబాద్–పుణే శతాబ్ది ఉంది, మధ్యాహ్నం ఎక్కితే రాత్రికి చేరుస్తుంది. మంగళవారం ఉండదు.

ఉండటానికి గది రైల్వే స్టేషన్ దగ్గర వద్దు. వారజే వైపు చూసుకోండి. అక్కడి నుంచి ఎన్‌డీఏ రోడ్డు నేరుగా వెళ్తుంది, ఊరి నడిమి ట్రాఫిక్ తప్పుతుంది. రెండో ఏడాది ఒకసారి ఒక లాడ్జివాడు ముందే డబ్బు తీసుకుని, అర్ధరాత్రి వెళ్తే గది లేదన్నాడు. అప్పటినుంచి బయలుదేరే ముందురోజు, రైల్లో ఉండగా, రెండుసార్లు ఫోన్ చేసి అడిగేదాన్ని. వెళ్లేటప్పుడు సిటీ బస్సు కూడా దొరుకుతుంది గానీ, తిరిగి లోపలికి చేరాల్సిన సమయం వాడికి ప్రాణంతో సమానం. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ భారం మన మీద పడదు, వాడి మీద పడుతుంది. అందుకే రోజంతటికీ ఒక కారు మాట్లాడుకోవడం మంచిది. మేం పొదుపు చేసింది వేరే వాటిలో చేశాం, దీంట్లో చెయ్యలేదు. చెప్పిన టైముకి గంట ముందే గేటు దగ్గర ఉండేవాళ్లం, ఆ గంట కారులోనే కూర్చుని కబుర్లు.

ఆదివారం సాయంత్రం ఖడక్‌వాస్లా డ్యామ్ వైపు, సింహగడ్ రోడ్డు వైపు పొరపాటున కూడా వెళ్లకండి. పుణే జనమంతా మొక్కజొన్న పొత్తులు తినడానికి అక్కడికే వస్తారు. అనంత చతుర్దశి వారమూ వద్దు. గణపతి నిమజ్జనం ఊరేగింపు ఒక పగలూ ఒక రాత్రీ దాటి సాగుతుంది, నగరం మధ్య రోడ్లు మూసేస్తారు. జులై నుంచి సెప్టెంబరు దాకా గొడుగు సరిపోదు, రెయిన్‌కోటు ఉండాలి.

రెండో టర్మ్ నుంచి వాడి ముఖంలో కళ తిరిగొచ్చింది. ఆ టర్మ్‌లోనే క్యాంప్ గ్రీన్‌హార్న్ అనే ఆరుబయట శిక్షణ శిబిరం ఉంటుంది, ఆ రోజుల్లో వెళ్లి లాభం లేదు. జూన్‌లో, డిసెంబరులో ఎలాగూ సెలవులకి ఇంటికి వస్తారు. కాబట్టి ఒక టర్మ్‌కి ఒక్క ప్రయాణం చాలు, అదీ టర్మ్ మధ్యలో. మూడో టర్మ్‌లో నేను "వచ్చే ఆదివారం రానా" అంటే, "ఈసారి వద్దమ్మా, మా స్క్వాడ్రన్‌కి క్రాస్ కంట్రీ ఉంది" అన్నాడు. స్క్వాడ్రన్ అంటే కేడెట్ల జట్టు, క్రాస్ కంట్రీ అంటే దూరపు పరుగు పందెం. ఆ సాయంత్రం కొంచెం బాధపడ్డాను. కానీ వాడి గొంతులో ఉన్నది బెంగ కాదు, పోటీ.

పరేడ్‌కి మాత్రం ఇంటిల్లిపాదీ వెళ్లాం, మా అత్తగారితో సహా. ఖేత్రపాల్ పరేడ్ గ్రౌండ్‌లో పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి చీకటి ఉండగానే బయలుదేరాలి. వృద్ధులు ఉంటే టోపీ, నీళ్లు, మాత్రలు మర్చిపోకండి. ఆ రోజు వందనం స్వీకరించింది మిజోరం గవర్నర్, మాజీ సైన్యాధ్యక్షుడు జనరల్ వి.కె. సింగ్. మూడు వందల మందికి పైగా కేడెట్లలో 17 మంది అమ్మాయిలు. 'అంతిమ్ పగ్' (చివరి అడుగు) అని రాసి ఉన్న చోటు దాటుతుంటే నేను మా వాణ్ణి వెతుక్కోలేకపోయాను, అందరూ ఒకేలా ఉన్నారు. మా అత్తగారే "అడుగో" అని చూపించారు. నడకలో వాళ్ల తాతగారి పోలిక ఉందట. పరేడ్ అయ్యాక హర్యానా ఆవిడ జనంలో నన్ను గుర్తుపట్టి వచ్చి వాటేసుకుంది. ఈసారి పిల్లల ఎదురుగానే ఇద్దరం ఏడ్చాం.

ఆ మధ్యాహ్నం వాడు మమ్మల్ని అకాడమీ ప్రధాన భవనమైన సుడాన్ బ్లాక్ ముందు నిలబెట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో మన సైనికులు చేసిన త్యాగానికి గుర్తుగా సుడాన్ ఇచ్చిన లక్ష పౌండ్లలో విభజన తర్వాత మన వాటాకి వచ్చిన డెబ్బై వేలు అకాడమీ కట్టడానికి వాడి, ఆ భవనానికి సుడాన్ పేరు పెట్టిన కథ నానమ్మకి చెప్పాడు. ఆవిడ అంతా విని, "మరి నీకు ఎక్కడ అన్నం పెట్టేవారురా" అంది. అప్పుడు రెండు వేల మంది ఒకేసారి కూర్చుని తినే మెస్ గురించి చెప్పాడు.

వాడు ఎయిర్‌ఫోర్స్ కేడెట్, ఖడక్‌వాస్లా తర్వాత దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి వచ్చాడు. హైదరాబాద్ పక్కనే. పుణేతో పోలిస్తే సగం దూరం కూడా లేదు. అయినా దుండిగల్‌కి మొదటిసారి వెళ్లే ముందు టికెట్ల కోసం ఫోన్ తీసిన మావారి చేతిలోంచి నేను ఫోన్ లాక్కుని, "ముందు వాడు రమ్మననివ్వండి" అన్నాను. మూడు వారాలు ఆగాం.