జాక్ రసెలా, పార్సన్ రసెలా, ఫాక్స్ టెర్రియరా? ఎలా గుర్తుపట్టాలి, ఏది మేలు?

అనంతపురంలో తెల్లటి చిన్న కుక్క, ముఖం మీద గోధుమ రంగు మచ్చ కనిపిస్తే చాలు, చూసినవాళ్లంతా జాక్ రసెల్ అనేస్తారు. దయచేసి మచ్చలు చూసి కుక్కను కొనొద్దు, అవి ఈ మూడు జాతుల్లోనూ ఉంటాయి.

చూడాల్సింది కాళ్లు. జాక్ రసెల్ భుజం దగ్గర 25 నుంచి 30 సెంటీమీటర్లే ఉంటుంది, ఎత్తు కంటే ఒళ్లు పొడవు. పార్సన్ 33 నుంచి 36 దాకా పెరుగుతుంది, ఎత్తూ పొడవూ దాదాపు సమానం కాబట్టి పక్క నుంచి చూస్తే చదరంగా కనిపిస్తుంది. ఇంత తేడా ఉన్నా ఈ రెండూ ఎందుకు కలిసిపోయాయంటే, రెండింటి మూలమూ ఇంగ్లండ్‌లోని డెవన్‌లో నక్కల వేటకు కుక్కల్ని పెంచిన జాన్ రసెల్ అనే పాదిరి దగ్గరే ఉంది, పైగా కుక్కల జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2003 దాకా పొడుగు కాళ్లదాన్నే జాక్ రసెల్ అని రాసుకుంది. అందుకే నెట్‌లో దొరికే పాత ఫోటోలను నమ్ముకోకండి.

పార్సన్‌కీ, నున్నటి బొచ్చు ఫాక్స్ టెర్రియర్‌కీ తేడా పట్టుకోవడమే అసలు కష్టం, రెండూ పొడుగు కాళ్లవే. తల చూడండి. ఫాక్స్ టెర్రియర్ ముఖం సన్నగా, పొడుగ్గా ఉంటుంది, నుదురు నుంచి మూతికి దాదాపు తిన్నగా దిగుతుంది, చెవి మడత నెత్తి కంటే పైకి లేస్తుంది. పార్సన్ చెవి మడత నెత్తిని దాటదు. హెచ్‌ఎంవీ రికార్డుల మీద గ్రామఫోన్ ముందు కూర్చున్న నిప్పర్ అనే కుక్క ఏ జాతిదో ఇప్పటికీ తలో మాట చెబుతారు.

రెండు నెలల పిల్లలో ఇవేవీ తేలవు. తల్లినీ తండ్రినీ చూపించమని అడగండి, టేపుతో కొలవండి. చూపించకపోతే ఆ బేరం వదిలేయండి.

ఇక ఏది మేలంటారా? మేడ మీద అద్దె ఇల్లైతే జాక్ రసెల్, కంచె ఉన్న తోటైతే పార్సన్. చిన్నదైతే అల్లరి తక్కువనుకోవద్దు, బొరియల్లో దూరి నక్కను తరమడానికి పుట్టించిన కుక్కలివి, పూలమొక్కల దగ్గర మట్టి తవ్వకుండా ఉండవు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 దాటుతుంది కాబట్టి ఏదైనా సరే తెల్లవారకముందే తిప్పాలి. ఫాక్స్ టెర్రియర్ అందం నాకు ఎంతో ఇష్టం, కానీ అది తోటి కుక్కలతో తొందరగా గొడవకు దిగే రకం, వీధి కుక్కలు ఎక్కువున్న కాలనీల్లో ఉండేవాళ్లకు మాత్రం నేను చెప్పను.