పెంకుటింటి దూలానికి పంచింగ్ బ్యాగ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

పంచింగ్ బ్యాగుల సమీక్షలన్నీ బ్యాగు గురించే ఉంటాయి. రెగ్జినా లెదరా, కుట్టు నిలుస్తుందా, జిప్పు ఎలా ఉంది అని. అది దేనికి వేలాడుతోందో ఎవరూ చెప్పరు. విజయనగరంలో పాత పెంకుటింట్లో ఉండేవాడికి అసలు ప్రశ్న అదే. అందుకని ఇక్కడ బ్యాగు సంగతి కొంచెం, దాని పైనున్న సరంజామా సంగతి ఎక్కువ.

మా నడిమి గది దూలాలు మద్ది కర్రవి, తాతల నాటివి. 2014లో హుద్‌హుద్ గాలికి పెంకులు ఎగిరిపోయాయి గానీ దూలాలు చెక్కుచెదరలేదు. ఆ ధైర్యంతోనే నాలుగడుగుల బ్యాగు కొన్నాను. వచ్చేది ఖాళీ తొడుగే. దర్జీ కొట్టులో మిగిలిన గుడ్డ ముక్కలు, చిరిగిన దుప్పట్లు కూరితే 36 కిలోలు తూగింది. దూలానికి ఇదో బరువు కాదు. ఒకప్పుడు ఇదే గదిలో ఉయ్యాల బల్ల ఉండేది, ఒకేసారి ముగ్గురు కూర్చునేవారు. దాని కొక్కేలు ఇంకా ఉన్నాయి. "వాటికే తగిలించెయ్యి" అన్నవాళ్లే ఇంటినిండా.

వడ్రంగి ఆచారి గారు మాత్రం తల అడ్డంగా ఊపారు. "బరువుకేటి బాబూ, మోసీస్తాది. కుదుపొకటే పనికిరాదు."

ఉయ్యాల బల్ల నెమ్మదిగా, ఒకే వరసలో ఊగుతుంది. బరువును నాలుగు గొలుసులు పంచుకుంటాయి. బ్యాగుకి గట్టి తన్ను తగిలితే కాస్త పైకి లేచి మళ్లీ గొలుసు మీద పడుతుంది. బరువును ఎత్తు నుంచి పడేయకుండా, ఉన్నట్టుండి గొలుసుకి వదిలినా చాలు, లాగుడు రెట్టింపవుతుంది. పైనుంచి పడితే ఇంకా ఎక్కువ. అంటే 36 కిలోల బ్యాగు 72 కిలోలకి పైనే గుంజగలదు, అదీ దెబ్బ దెబ్బకీ ఒక్కో దిక్కుకి. అడుగు నుంచి స్క్రూలా తిప్పి దిగేసిన కొక్కేన్ని పట్టి ఉంచేది మర చుట్టూ ఉన్న కర్ర పీచు మాత్రమే. రోజూ కుదుపుతుంటే ఆ పట్టు నెమ్మదిగా వదులవుతుంది. పైగా బరువు మోసే దూలానికి అడుగు వైపే కర్ర సాగుతూ ఉంటుంది. సరిగ్గా అక్కడ, అందులోనూ నడి మధ్యలో, పెద్ద రంధ్రం పెట్టడం మంచిది కాదు.

కాబట్టి దూలానికి అసలు చిల్లే పెట్టలేదు. అటక మీదికెక్కి, పక్కపక్కనున్న రెండు దూలాల మీద నాలుగంగుళాల మందం అడ్డకర్ర పరిచాం. రెండు చివర్లా యూ క్లాంపులతో, అంటే యూ ఆకారపు ఇనుప పట్టీలతో, దూలాలకి బిగించాం. చిల్లు పడింది అడ్డకర్రకే. అందులోంచి 12 మిల్లీ ఐ బోల్టు (చివర ఉంగరం ఉండే బోల్టు) కిందికి దింపి, పైన వెడల్పాటి వాషరు, దాని మీద రెండు నట్లు వేశాం. ఇప్పుడు బ్యాగు ఎంత లాగినా అడ్డకర్ర దూలాల మీద ఇంకా గట్టిగా కూర్చుంటుందే తప్ప ఊడి రావడమన్నది లేదు. బరువు రెండు దూలాలకీ పంచుకుపోతుంది. బోల్టు కింద స్ప్రింగు, దాని కింద స్వివెల్ (గొలుసు మెలిపడకుండా గుండ్రంగా తిరిగే కీలు), ఆ తర్వాత గొలుసు. సామానంతా గంటస్తంభం దగ్గర ఇనుప దుకాణాల్లో దొరికింది.

అంతకుముందు ఆచారి గారు సగం పూట దూలాలు చూడ్డానికే పెట్టారు. సుత్తితో తట్టి చప్పుడు విన్నారు, సన్న ఉలితో గుచ్చి చూశారు. ముఖ్యంగా గోడలోకి దిగిన చివర్లు. చెదలూ చెమ్మా మొదట పట్టేది అక్కడే. మధ్యలో నున్నగా మెరిసే దూలం గోడలో పిండైపోయి ఉండొచ్చు. ఈ ఒక్క పని వద్దనుకునేవాళ్లు మిగతాదంతా చదవక్కర్లేదు.

చోటు విషయం. నడి మధ్యలో వేలాడదీస్తే దూలం ఎక్కువ వంగుతుంది. పొడవులో పావు వంతు దూరంలో వేస్తే అదే బరువుకి వంచే బలం మధ్యలో పడేదాంట్లో ముప్పాతికే. అలాగని గోడకి మరీ దగ్గరైతే చుట్టూ తిరగడానికి కుదరదు. మూడడుగులైనా ఖాళీ ఉండాలి. మాది ఆ రెండింటికీ రాజీ కుదిరిన చోటు.

పాత ఇళ్ల కప్పు ఎత్తు కాబట్టి గొలుసు పొడుగవుతుంది. పొడుగు గొలుసు ఊపు నెమ్మదిగా, వెడల్పుగా ఉంటుంది. కొట్టి రెండడుగులు వెనక్కి వేసినా వెంటబడి వస్తుంది. అడుగు రింగుకి తాడు కట్టి ఇసుక మూటకి ముడేశాక దారికొచ్చింది. పైన కుదుపు కూడా తగ్గింది.

ఇక వాడకంలో తేలినవి. స్ప్రింగు దండగ అన్నవాళ్లున్నారు. నా లెక్కలో మొత్తం సామానులో దానికి పెట్టిన డబ్బే సార్థకం. తీసేసి కొడితే అటక మీద డబ్బాలు కదిలే చప్పుడు తెలుస్తుంది. గొలుసుతో పాటు ఇచ్చిన ఎస్ కొక్కేలు మాత్రం పనికిమాలినవి, కొన్ని నెలలకే నోరు తెరిచాయి. వాటి బదులు మర బిగించే కారబైనర్లు, అంటే నోరు మూసుకునే కొక్కేలు, వేశాను. కర్ర ఎండకి కుంచించుకుని వానాకాలంలో ఉబ్బుతుంది, కనుక క్లాంపులు ఎండాకాలం చివర ఓసారి, వానలు వెనకపట్టాక ఓసారి బిగించాల్సిందే. రెండు నట్లు వేసిన బోల్టు మాత్రం ఇంతవరకూ కదల్లేదు.

పెంకుల సంగతి మరిచిపోకూడదు. అడ్డకర్ర వాసాలకి ఎక్కడా తగలకూడదు. తగిలితే కుదుపు నేరుగా పెంకులకి పోతుంది, అవి జారితే మొదటి వానకే తెలుస్తుంది. మాకు వేలెడు సందు ఉంది. అయినా మొదట్లో పైనుంచి దుమ్ము రాలేది, ఇప్పుడు అదీ లేదు.

మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి పేరు చెప్పుకునే ఊరు, కసరత్తంటే ఇక్కడ ఎవరూ నవ్వరు. కానీ మాది ఉమ్మడి గోడ ఇల్లు. "ఏటి బాబూ, తెల్లారకుండా ఆ ధబధబలేటి? ఇల్లు పడగొట్టీసుకుంటావేటి?" అని పక్కింటి మామ్మ అడిగింది. ఆవిడ నిద్ర లేచాకే మొదలుపెడుతున్నాను.

శ్లాబు ఇళ్లవాళ్లకి ఒక్క మాట. ఫ్యాను కొక్కేనికి వద్దు. నాలుగైదు కిలోల ఫ్యాను కోసం పెట్టిన దానికి ఈ గుంజుడు తగదు. పీఓపీ సీలింగుకి బొత్తిగా వద్దు, అది తన బరువు తాను మోసుకుంటే గొప్ప. నాలుగు యాంకర్ బోల్టుల పలక నేరుగా కాంక్రీటులోకి దిగాలి. పెచ్చులూడి ఇనుము కనిపిస్తున్న శ్లాబైతే ఆ ఆలోచనే మానుకుని స్టాండు కొనుక్కోండి.

బ్యాగుకి పదిలో ఆరు. గుడ్డ ముక్కలు కిందికి దిగి అడుగు రాయిలా గట్టిపడుతుంది, పైన మెత్తగా ఖాళీ అవుతుంది. ఏడాదికోసారైనా విప్పి మళ్లీ కూరాలి. వానాకాలంలో రెగ్జిన్‌కి బూజు పడుతుంది, పొడి గుడ్డతో తుడవడం తప్ప దారి లేదు. పక్క కుట్టు ఒకచోట విడితే చెప్పులు కుట్టే ఆయన నైలాన్ దారంతో వేసిచ్చాడు. కంపెనీ కుట్టుకన్నా అదే గట్టిగా ఉంది.