పల్లె సంఘానికి పూర్తికాల పాస్టరా, పని చేసుకునే పాస్టరా: ఏది మేలు?

బైబిల్ ట్రైనింగ్ పూర్తి చేసుకుని ఊళ్లోకి వచ్చిన ప్రతి యువ సేవకుడికీ ఈ టెన్షన్ ఉంటుంది, అన్నీ మానుకుని పూర్తిగా సేవలోకి దిగాలా, లేక ఏదో ఒక పని చేసుకుంటూ సంఘాన్ని చూసుకోవాలా అని. ప్రకాశం, నెల్లూరు పల్లెల వరకూ నా మాట ముందే చెప్పేస్తాను. ముప్పై నలభై కుటుంబాలుండి, అందరూ కూలికి వెళ్లేవాళ్లే అయితే పని చేసుకునే పాస్టరే మేలు.

పూర్తికాల సేవకు వాక్యాధారం లేక కాదు. సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వల్లే జీవించాలని 1 కొరింథీ 9:14లో పౌలే రాశాడు. ఆ పౌలే కొరింథులో అకుల అనే డేరాల పనివాడి ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు కూడా. రెండూ సరైనవే, చూడాల్సింది ఊరి పరిస్థితి. తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం, ఆ రోజుల్లో అక్కడి కుటుంబాలు కానుక ఎక్కడి నుంచి తెస్తాయి? పొగాకు ఊళ్లలో వేలం డబ్బు చేతికొచ్చేదాకా చేబదుళ్లే. ప్రభుత్వం పాస్టర్లకు పెట్టిన నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో ఇల్లు గడవదు. అలాంటప్పుడు ఎంత మంచి సేవకుడైనా, బాగా ఇచ్చే ఇంటికి రెండుసార్లు ఎక్కువగా ప్రార్థనకు వెళతాడు, రేపు ఆ ఇంట్లో తప్పు జరిగితే గద్దించడానికి నోరు రాదు. నా భయమంతా ఇదే.

డబ్బుకీ సేవకీ ముడి పడకూడదన్నదానికి ఈ నేల మీద పాత సాక్ష్యమే ఉంది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశాడు, కానీ తిండి కోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు ఆ ప్రాంతంలో సువార్తకు దారి తీసిన ఎర్రగుంట్ల పేరయ్య కూడా తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషే.

పని చేసుకునే సేవలో కష్టం టైమే. మధ్యాహ్నం ఊళ్లో ఎవరో చనిపోతారు, పాస్టరేమో స్కూల్లో పాఠం చెబుతుంటాడు. అందుకే సమాధి కార్యక్రమం నడపడం, రోగుల దగ్గర ప్రార్థన చేయడం కనీసం ఇద్దరు సంఘ పెద్దలకు నేర్పాలి, అపొస్తలుల కార్యములు 6లో ఏడుగురిని ఏర్పరచుకున్నది ఇలాంటి అవసరానికే కదా. శనివారం సాయంత్రం మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఆదివారం వాక్యానికి అది కావాలి. పని ఏదైనా పర్వాలేదు, ట్యూషన్లు, టైలరింగ్, నాలుగు గేదెలు, ఏదైనా. చీటీలు, వడ్డీ వ్యాపారం, కూలీల మేస్త్రీగిరీ మాత్రం వద్దు, విశ్వాసి మీకు బాకీ పడ్డాడంటే ఇక మీ ప్రసంగం వినడు.

ఒంగోలు, కావలి లాంటి టౌన్లలో వంద కుటుంబాలు దాటిన సంఘమైతే పూర్తికాల సేవకుడే కావాలి, అక్కడ కౌన్సెలింగ్‌కే రోజు చాలదు. కానుకల సంచి నేరుగా పాస్టరు ఇంటికి వెళ్లకూడదు. కమిటీ జీతం నిర్ణయించి, ఇద్దరు లెక్కపెట్టి, సంఘం పేరున్న బ్యాంకు ఖాతాలో వేసి, నెలనెలా లెక్క చదివి వినిపించాలి. పక్కపక్కనే ఉన్న మూడు చిన్న ఊళ్లు కలిసి ఒక్క పాస్టరును పోషించగలిగితే అది కూడా మంచి దారే, కాకపోతే ఆదివారం ఏ ఊరికి ఏ టైమో, పెట్రోలు ఖర్చు ఎవరిదో ముందే కూర్చుని రాసుకోండి.