రెమింగ్టన్ 700 మీద ట్యాలీ లైట్‌వెయిట్ స్కోప్ మౌంట్: ఎవరికి నప్పుతుంది, ఎలా బిగించాలి

టెక్సస్‌లో సాధారణ జింకల వేట సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. అక్టోబర్ చివరి వారంలో రైఫిల్ మీద స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించి, వేలితో ఊపి చూసి, "గట్టిగానే ఉంది" అనుకుని వెళ్లేవాళ్లు చాలామంది. స్కోప్‌కి వందల డాలర్లు పెట్టినవాళ్లు కూడా దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంట్ దగ్గరికి వచ్చేసరికి దొరికిందేదో కొనేస్తారు. తూటా పక్కకు పోతే అనుమానం ముందు స్కోప్ మీదకు, తర్వాత తూటాల మీదకు పోతుంది. మౌంట్ స్క్రూ మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

మామూలు మౌంట్‌లో మూడు అతుకులుంటాయి: రిసీవర్‌కీ (బ్యారెల్ వెనకుండే లోహపు చట్రం) బేస్‌కీ మధ్య ఒకటి, బేస్‌కీ రింగుకీ మధ్య ఒకటి, రింగుకీ స్కోప్‌కీ మధ్య ఒకటి. ట్యాలీ లైట్‌వెయిట్‌లో రింగు కింది సగం, బేస్ కలిసి ఒకే అల్యూమినియం ముక్క. మధ్య అతుకు లేదు, కాబట్టి అక్కడ వదులయ్యే స్క్రూ కూడా లేదు. బరువూ తక్కువే. రోజంతా భుజాన మోసే .308, .30-06 తూటాల రైఫిళ్లకి ఇది చక్కటి ఎంపిక.

కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. మొదటిది యాక్షన్ (రిసీవర్, బోల్టు కలిసిన భాగం) పొడవు. రెమింగ్టన్ 700 రైఫిల్‌లో షార్ట్, లాంగ్ అని రెండున్నాయి. రింగుల మధ్య దూరం రిసీవర్‌లోని రంధ్రాలను బట్టి ఖాయమైపోతుంది, గాడులున్న రైలు (పట్టీ) మీదలాగా ఒక గాడి ముందుకో వెనక్కో జరపలేరు. లాంగ్ యాక్షన్ మీద పొట్టి ట్యూబు స్కోప్ పెడితే టరెట్ (గురి సర్దే పిడి) ఉబ్బు వెళ్లి రింగుకి తగులుతుంది, లేకపోతే కంటికి దూరం కుదరదు. ట్యూబులో రింగులు పట్టుకోదగ్గ సాపు భాగం ఎంతుందో స్కోప్ కొలతల బొమ్మలో చూసి, రిసీవర్ మీద టేపుతో కొలిచి, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టండి. పొడవు చాలకపోతే ఈ మౌంట్ వదిలేసి పికటిన్ని రైలు తీసుకోవాలి. ఆ రైలు గాడి వెడల్పు 0.206 అంగుళాలు, వీవర్ అనే మరో రకం రైలు గాడి 0.180. వీవర్ రింగులు పికటిన్ని రైలు మీద కూర్చుంటాయి. పికటిన్ని రింగుల అడ్డపట్టీ మాత్రం వీవర్ గాడిలో పట్టదు.

రెండోది ఎత్తు. 40 మి.మీ. ముందు లెన్సుకి చాలావరకు “లో” అనే తక్కువ ఎత్తు రింగులు సరిపోతాయి, 50కి “మీడియం” చూడాలి. ముందు లెన్సుండే గంట ఆకారపు భాగానికీ బ్యారెల్‌కీ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. లెన్సు మూత మందాన్ని కూడా లెక్కలో వేసుకోండి. తూటాని లోపలికి తోసే బోల్టుని పైకెత్తినప్పుడు దాని పిడి కంటివైపు లెన్సుకి తగలకూడదు. మరీ ఎత్తయిన రింగులు తీసుకుంటే చెంప స్టాక్‌కి ఆనదు, తల గాల్లో తేలుతుంది. అదీ మంచిది కాదు.

మూడోది ట్యూబు వ్యాసం, 1 అంగుళమా 30 మి.మీ.నా అని. ఇక్కడ తప్పు జరిగినా పెట్టె తెరవగానే తెలిసిపోతుంది.

ఈ మౌంట్‌లో ఒక లోటు ఉంది. పక్కలకు సర్దుకునే ఏర్పాటు ఇందులో లేదు. ఫ్యాక్టరీలో రిసీవర్ రంధ్రాలు ఒక పిసరు పక్కకు పడి ఉంటే ఆ వంకర మొత్తాన్నీ స్కోప్ లోపలి సర్దుబాటే మోయాలి. అలాంటి రిసీవర్‌కి బర్రిస్ సిగ్నేచర్ రింగులు మేలు. వాటి లోపలుండే ప్లాస్టిక్ ముక్కల్ని మార్చి ట్యూబుని సరిచేయొచ్చు, ట్యూబు మీద గీతలూ పడవు. మాటిమాటికీ స్కోప్ తీసి పెట్టేవాళ్లకి కూడా ట్యాలీ వద్దు.

ఇక బిగించడం. తూటాలు మరో గదిలో పెట్టండి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో చూడండి, బోల్టు తీసేయండి. రిసీవర్ మీది నాలుగు రంధ్రాలకూ ఫ్యాక్టరీ నూనె పట్టి ఉంటుంది. దూదిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పుల్ల తెల్లగా బయటికొచ్చేదాకా తుడవాలి. స్క్రూ మరలూ అంతే. మరకి నూనె ఉంటే అదే టార్క్ (తిప్పే బలం) అంకె దగ్గర స్క్రూ అనుకున్నదానికంటే ఎక్కువ సాగుతుంది. ఇవి 6-48 సైజు స్క్రూలు, మందం 0.138 అంగుళాలే, అంటే మూడున్నర మి.మీ. తెగితే విరిగిన ముక్క బయటికి తీయించడానికి గన్‌స్మిత్ దగ్గరికి పోవాల్సిందే.

700 రిసీవర్ వెనక వంతెన (బోల్టు మీదుగా ఉండే వెనక భాగం) ముందు భాగం కంటే కిందికి ఉంటుంది, అందుకే వెనక మౌంట్ ఎత్తుగా చేస్తారు. ముందుదీ వెనకదీ తారుమారైతే స్కోప్ ఏటవాలుగా కూర్చుని ఎలివేషన్ (గురిని పైకీ కిందికీ జరిపే సర్దుబాటు) మొత్తం తినేస్తుంది. టరెట్ చివరిదాకా తిప్పినా గురి కుదరకపోతే ముందు చూడాల్సింది ఇదే.

స్క్రూల పొడవు విషయంలో ఎక్కువమంది బోల్తా పడతారు. అన్నింటికంటే ముందున్న రంధ్రం కింద బ్యారెల్ మరలుంటాయి. అక్కడ పొడుగు స్క్రూ పడితే దాని కొన బ్యారెల్‌ని తాకి ఆగిపోతుంది. రెంచ్‌కి టార్క్ వచ్చేసినట్టే ఉంటుంది, మౌంట్ మాత్రం పట్టు దొరక్క వదులుగానే ఉంటుంది. వెనక వంతెన దగ్గరైతే పొడుగు స్క్రూ బోల్టు దారిలోకి పొడుచుకొస్తుంది. ఒక్కో స్క్రూనీ విడిగా బిగించి, ఆ ఒక్కదానితోనే మౌంట్ కదలకుండా ఉందో లేదో చూడండి. తర్వాత బోల్టు పెట్టి ఆడించండి. ఎక్కడైనా రాసుకుంటే ఆ స్క్రూ తీసి కొన చూడండి, అక్కడ మెరుస్తున్న చుక్క కనిపిస్తుంది. ఆ స్క్రూ కొనని అర మర మేర అరగదీసి పొట్టి చేయాలి.

బేస్ స్క్రూలకి నీలం లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు. ఎర్రది వద్దు, వేడి చేయకుండా ఊడిరాదు. 20 ఇంచ్-పౌండ్ల టార్క్ దగ్గర ఆపండి. పెట్టెలోని కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. ఈ స్క్రూలు స్కోప్ ట్యూబు కిందికి వస్తాయి, స్కోప్ కూర్చున్నాక వాటికి రెంచ్ అందదు. తర్వాత ఎప్పుడు పరీక్షించాలన్నా స్కోప్ విప్పాల్సిందే. ఈ పని రెండోసారి చేసే అవసరం రాకూడదు. వీలర్ ఫ్యాట్ రెంచ్ లాంటి టార్క్ రెంచ్ 10 నుంచి 65 ఇంచ్-పౌండ్ల దాకా కొలుస్తుంది, దీనికి సరిపోతుంది. చేతి అంచనా మాత్రం పనికిరాదు.

స్కోప్‌ని కింది సగాల్లో పెట్టి రింగుల పై మూతలు వదులుగా వేయండి. జూమ్ గరిష్ఠానికి తిప్పి, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, అప్పుడు కళ్లు తెరవండి. నల్లటి నీడ లేకుండా నిండు వృత్తం కనిపించేదాకా స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరపాలి. చలికాలపు మందపాటి కోటు వేసుకునే ఇది చూడండి, కోటు వల్ల కన్ను వెనక్కి పోతుంది. తర్వాత రైఫిల్‌ని సమంగా నిలబెట్టి 25 గజాల దూరాన తూకపు దారం వేలాడదీసి, స్కోప్‌లో కనిపించే నిలువు గీత దాంతో కలిసేలా ట్యూబు తిప్పండి. గీత 3 డిగ్రీలు వాలితే 300 గజాల దగ్గర తూటా అంగుళం పైచిలుకు పక్కకు పోతుంది.

మూత స్క్రూల్ని ఎదురెదురు మూలల్లో పావు చుట్టు చొప్పున బిగిస్తూ రండి. రెండు పక్కలా మూతకీ కింది సగానికీ మధ్య సందు సమానంగా ఉండాలి. ఒకవైపే ముందు బిగిస్తే ట్యూబు తిరిగిపోయి గీత మళ్లీ వాలుతుంది. మూత స్క్రూలకి 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు చాలు, వోర్టెక్స్ తన స్కోప్‌లకి చెప్పే అంకె ఇదే. ఇక్కడ లాక్‌టైట్ వేయకండి. తడి మరకి అదే అంకె దగ్గర ఒత్తిడి పెరిగి ట్యూబు నొక్కుకుపోతుంది, జూమ్ రింగు బిగుసుకోవడంతో ఆ సంగతి బయటపడుతుంది.

లాక్‌టైట్ ఆరడానికి ఒక రోజు వదిలేసి అప్పుడు కాల్చండి. ముందు 25 గజాలు. పావు ఎంఓఏ (100 గజాల దగ్గర దాదాపు పావు అంగుళం) క్లిక్కుల స్కోప్ అయితే అక్కడ అంగుళం జరగాలంటే 16 క్లిక్కులు తిప్పాలి. తూటా గురికి ముప్పావు అంగుళం కింద పడితే 100 గజాలకు దాదాపు సరిపోతుంది. వెనక రింగు అంచున ట్యూబుకి సన్నటి టేపు ముక్క అంటించండి. 20 తూటాల తర్వాత టేపుకీ రింగుకీ మధ్య వెంట్రుకంత సందు కనిపించినా, ట్యూబు మీద కొత్తగా మెరుపు గీత పడినా స్కోప్ జారుతోందని అర్థం. తూటాల గుంపు ఒక్కసారిగా రెండు చోట్ల పడుతుంటే అనుమానించాల్సింది బేస్ స్క్రూలని.

వీసా మీద ఉన్న మనవాళ్లకి ఒక మాట. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఆ నిషేధానికి ఒక మినహాయింపు. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవిపందుల వేటకు 2019 నుంచి లైసెన్సు అక్కర్లేదు. అది విని లైసెన్సు మానుకోకండి. పందికి అక్కర్లేకపోయినా మీ చేతిలోని రైఫిల్‌కి అది కావాలి.