మా ఫియట్‌లో పెట్రోలు కంపు: మూడేళ్లలో ఏం మార్చాను, ఏది నిలిచింది

మా నాన్నగారి 1985 ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆర్సీలో పద్మిని అనే ఉన్నా మా తెనాలిలో దాన్ని అందరూ ఫియట్ అనే అంటారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు. నడపడంలో ఏ ఇబ్బందీ లేదు. ఉన్నదల్లా కంపే. 2022 వేసవిలో గుంటూరులో ఒక పెళ్లికి వెళ్లాం. మండపంలో మా ఆవిడ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ "ఏమ్మా, దారిలో పెట్రోలు బంకులో ఆగి వచ్చారా?" అని అడిగిందట. అంతే, ఇక పట్టుచీర కట్టుకుని ఆ బండి ఎక్కేది లేదని మా ఆవిడ తేల్చేసింది.

అప్పటి నుంచి ఈ కంపు వెంట పడ్డాను. గొట్టాలు, క్లిప్పులు, ఏసీ పంపు (ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు లాగేది) కిట్లు, ట్యాంకు మూత, ట్యాంకు లోపల పూసే మందు, అన్నీ కొన్నాను. కొన్ని నిలిచాయి, కొన్ని డబ్బు దండగ.

మొదట మెకానిక్ ముక్కును నమ్ముకున్నాను. ఆయన బానెట్ ఎత్తి ఒకసారి పీల్చి, కార్బ్రేటర్ అన్నాడు. విప్పి కడిగి, అందులోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ కొత్తది వేశాడు. వారానికి కంపు మళ్లీ మొదలైంది. ఆయన తప్పేమీ లేదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పుట్టిన చోట నిలవకుండా కిందికి దిగి నేల వెంట పాకుతుంది. బండి నడుస్తున్నప్పుడైతే వెనక సుడి తిరిగే గాలి డిక్కీ రబ్బరు సందుల్లోంచి ఆవిరిని లోపలికి లాగుతుంది. ముందు సీట్లో కొట్టే వాసన ట్యాంకు దగ్గరిది కావచ్చు.

అందుకని డాష్‌బోర్డులో చిన్న నోటుబుక్కు పెట్టి, కంపు వచ్చిన వేళ రాయడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి సంగతి అర్థమైంది. ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజు వెనక సీట్లో కంపు, సగానికి దిగాక మాయం. రెండు రోజులు షెడ్డులో ఉంచితే తలుపు తీయగానే గుప్పుమనడం. ఎండలో తిరిగొచ్చి ఆపిన పది నిమిషాలకు బానెట్ దగ్గర. అంటే ఒకే కంపు అనుకున్నది మూడు కంపులు. అందుకే ఒకటి బాగుచేసినా తగ్గినట్టు అనిపించలేదు.

ఫుల్ ట్యాంకు కంపు పట్టుకోవడం తేలిక. నిండినప్పుడే వస్తోందంటే లీకు ట్యాంకు పైభాగంలో ఉన్నట్టే: మూత, పెట్రోలు పోసే గొట్టం, లేదా మీటరుకు వైరు వెళ్లే సెండర్ యూనిట్. సెండర్ స్క్రూల చుట్టూ మా అమ్మాయి ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ట్యాంకు నింపి, చేబ్రోలు దాకా వెళ్లొచ్చాను. పొద్దున చూస్తే రెండు స్క్రూల దగ్గర పౌడరు పసుపురంగు తిరిగి గట్టకట్టింది. మిగతా చోట తెల్లగానే ఉంది. విప్పితే కార్కు గ్యాస్కెట్ అప్పడంలా విరిగి చేతికొచ్చింది. మొదట మామూలు రబ్బరు షీటు కోసి వేయించాను, ఆరు నెలలకే ఉబ్బి బయటికి వంకరపోయింది. తర్వాత పెట్రోలుకు తట్టుకునే వైటన్ అనే రబ్బరు షీటు దొరికింది. ధర ఎక్కువే గానీ ఈ రోజుకీ పొడిగా ఉంది. స్క్రూలు మాత్రం బలమంతా పెట్టి బిగించకండి, షీటు నలిగి అక్కడే చెమరుస్తుంది.

మూత విషయంలో తెలివితక్కువ పని చేశాను. కంపు మూతలోంచి కూడా వస్తోందేమోనని గాలి చొరబడని మూత ఒకటి కొని బిగించాను. రెండు రోజులు వాసన లేదు, సంబరపడ్డాను. మూడో రోజు విజయవాడ బయల్దేరితే దుగ్గిరాల దాటకుండానే బండి గుటగుటలాడి ఆగిపోయింది. గాలంతా పసుపు యార్డు వాసన. మూత తిప్పగానే హుస్సుమని గాలి లోపలికి పోయింది, బండి స్టార్టయింది. పాత బండ్లలో చాలావాటికి ట్యాంకు గాలి పీల్చుకునేది మూతలోని సన్నటి రంధ్రంలోంచే. దాన్ని మూసేస్తే పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి పంపు లాగలేదు. ఆ మూత ఇప్పుడు మేకుల డబ్బాకు మూతగా ఉంది.

నాకు ఎక్కువ కాలం పట్టింది షెడ్డు కంపుతోనే. ఎక్కడా చుక్క కారదు, తడి లేదు, పౌడరు తెల్లగానే ఉంటుంది. అంతకు ముందే ఆటోనగర్‌లో పాత గొట్టాలన్నీ తీసేయించాను. వాటిని వంచితే పైన సాలెగూడులా పగుళ్లు కనిపించేవి. వాటి స్థానంలో వేసింది అక్కడ దొరికిన మామూలు నల్ల రబ్బరు గొట్టమే. చూడ్డానికి కొత్తగా నిగనిగలాడుతూనే ఉంది. ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి దానికి టిష్యూ పేపరు చుట్టి దారంతో కట్టి ఉంచాను. పొద్దున విప్పితే కాగితం పొడిగా ఉంది, ముక్కు దగ్గర పెడితే మాత్రం పెట్రోలే. గొట్టం గోడలోంచే ఆవిరి ఊరి బయటికి వస్తోందన్నమాట. మామూలు రబ్బరుకు ఆ గుణం ఎప్పుడూ ఉంది. పెట్రోల్లో ఇథనాల్ కలిశాక అది ఇంకా పెరుగుతుంది. ఇథనాల్ 20 శాతం ఉండే పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై తర్వాత దేశమంతా పాకింది. దానికి తగ్గ రబ్బర్లతో కొత్త బండ్లు తయారవడం ఆ ఏడాది ఏప్రిల్ నుంచి మొదలైంది. 1985 బండికి ఆ వసతి ఎవరు చూస్తారు, మనమే చూసుకోవాలి.

అప్పుడు ఆర్9 రకం గొట్టం తెప్పించాను. గొట్టం మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉండాలి. కార్బ్రేటర్ లేని ఇంజెక్షన్ బండ్ల కోసం తయారైన రకం ఇది, లోపలి పొర ఆవిరిని బాగా ఆపుతుంది. కోసి చూస్తే ఆ పొర వేరుగా కనిపిస్తుంది. అచ్చు ఉండి, పొర కనిపించకపోతే అది నకిలీ అని అనుమానించండి. ధర మామూలు గొట్టానికి మూడు నాలుగింతలు, మొత్తం బండికి కావలసింది కొద్ది గజాలే. 2023 జూలైలో వేశాను, రెండేళ్లు దాటింది. టిష్యూ పరీక్ష ప్రతి వేసవికీ చేస్తున్నాను, వాసన లేదు. ఇబ్బంది ఒకటుంది: ఇది బిరుసు. పంపు దగ్గర మలుపులో బలవంతంగా వంచితే మడత పడి పెట్రోలు సన్నగిల్లుతుంది. కాస్త పొడుగు ఎక్కువ తీసుకుని విశాలంగా తిప్పుకోవాలి.

క్లిప్పులు కూడా మార్చండి. గాట్లున్న మామూలు స్క్రూ క్లిప్పు బిగించేకొద్దీ రబ్బరులోకి దిగి కోసేస్తుంది. లోపలివైపు నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లిప్పులకు ఆ బాధ లేదు.

ఏసీ పంపు సంగతి యాదృచ్ఛికంగా బయటపడింది. ఆయిలు చూద్దామని డిప్‌స్టిక్ తీస్తే మట్టం పోసినదానికంటే పైకి ఉంది. ముక్కు దగ్గర పెడితే పెట్రోలు. పంపు లోపలి పల్చటి పొర, డయాఫ్రం, చీలి పెట్రోలు ఇంజను ఆయిల్లోకి దిగుతోంది. కంపు సంగతి దేవుడెరుగు, అలాగే నడిపితే ఆయిలు పలచబడి బేరింగులు పోతాయి. డయాఫ్రంతో పాటు ఆయిలు కూడా మార్చించాను. చవక కిట్టు పద్నాలుగు నెలలు నడిచింది. తర్వాత వేసిన ఖరీదైనది ఇంకా నడుస్తోంది.

బొత్తిగా వద్దనేది ట్యాంకు లోపల పూసే మందు. సన్నటి చిల్లి మూస్తుందని పూయిస్తే ఏడాదికి పొరలు పొరలుగా ఊడి ఫిల్టర్లో చేరింది. చివరికి ట్యాంకు దింపి, కడిగించి, ఆవిరి పట్టించి, రేడియేటర్ షాపులో టంకం పెట్టించాల్సి వచ్చింది. ఖాళీ ట్యాంకే కదా అని ఎవరైనా నేరుగా గ్యాస్ వెల్డింగ్ పెడతానంటే పెట్టనివ్వకండి. నిండు ట్యాంకు కంటే పెట్రోలు ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. అలాగే నోటితో పెట్రోలు లాగే అలవాటు మానండి, నేను ఒకసారి మింగి రెండు రోజులు అన్నం తినలేకపోయాను.

షెడ్డులో ఇన్వర్టరు ఉంటే, నిప్పురవ్వ భయం కాబట్టి బయటికి మార్చండి. కంపు గుప్పుమన్న రోజు లైటు స్విచ్చు ముట్టుకోకుండా ముందు తలుపులు తెరవాలి. నేను పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేస్తాను, మంటలార్పే సిలిండరు కూడా చేతికి అందేలా ఉంటుంది.

లీకులన్నీ పోయాక కూడా కొన్నాళ్లు వాసన వచ్చింది. మళ్లీ ఏం పోయిందోనని టెన్షన్ పడ్డాను. చూస్తే డిక్కీలో పరిచిన ఫెల్టు, అట్ట ఏళ్ల తరబడి పీల్చిన పెట్రోలు అది. రెండూ పారేసి కొత్తవి వేశాను.

మిగిలింది మూడో కంపు. మే నెల ఎండలో తిరిగొచ్చి ఆపితే ఇంజను వేడికి కార్బ్రేటర్ గిన్నెలో పెట్రోలు మరిగి, ఓ పది నిమిషాలు బానెట్ దగ్గర వాసన ఇప్పటికీ వస్తుంది. కార్బ్రేటర్ కింద వేడిని ఆపే బేకలైట్ స్పేసర్ మందం పెంచితే తగ్గుతుందని మేస్త్రి అంటున్నాడు, వచ్చే వేసవికి చూడాలి. ఈ శ్రావణ శుక్రవారం మా ఆవిడ పట్టుచీరలోనే పేరంటానికి ఈ బండెక్కింది, అద్దాలు దించకుండానే. దిగాక చెంగు ఒకసారి ముక్కుకు ఆనించి చూసుకుంది. ఏమీ అనలేదు.