వెనక సీటు తెరలు: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

మా బండి 2019లో కొన్న ఏడు సీట్ల ఇన్నోవా క్రిస్టా జెడ్‌ఎక్స్. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి తణుకు దగ్గరి మా ఊరికి దాదాపు 400 కిలోమీటర్లు ఉంటుంది. ఏడాదిలో ఐదారు సార్లు వెళ్లివస్తాం. 2021 డిసెంబరులో, సంక్రాంతి ప్రయాణానికి కొద్ది రోజుల ముందు, ముందు సీట్ల హెడ్‌రెస్టుల వెనక రెండు 10.1 అంగుళాల ఆండ్రాయిడ్ తెరలు పెట్టించాను. అప్పటికి మా పెద్దవాడికి పదేళ్లు, పాపకు ఐదేళ్లు. తెరల జతకు 21,000 రూపాయలు, బిగింపుకు 2,500 రూపాయలు అయ్యాయి. ఇన్నాళ్ల వాడకంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది 21,000 పెట్టి కొన్న వస్తువు కాదు, 2,500 ఇచ్చి చేయించుకున్న పని.

అంతకుముందు రెండేళ్లు ఇంట్లో ఉన్న పాత టాబ్లెట్‌నే రబ్బరు పట్టీతో హెడ్‌రెస్ట్‌కు తగిలించేవాళ్లం. పిల్లలకు అది చాలినట్టే ఉండేది. ఒక మే నెలలో విజయవాడలో బంధువుల ఇంటి ముందు మధ్యాహ్నమంతా ఎండలో నిలిపిన బండి తలుపు తీసేసరికి టాబ్లెట్ వెనక మూత ఉబ్బి, అంచు పైకి లేచి ఉంది. బ్యాటరీ పొంగింది. ఐప్యాడ్‌ను 35 డిగ్రీలకు మించిన వేడిలో వాడవద్దని, 45 డిగ్రీలకు మించిన చోట ఉంచవద్దని దాని తయారీదారు స్పష్టంగానే చెబుతారు. మన ఎండల్లో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం పెద్ద విశేషమేమీ కాదు. లోపల లిథియం బ్యాటరీ ఉన్న ఏ వస్తువునూ బండిలో శాశ్వతంగా బిగించకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. అందుకే సొంత బ్యాటరీ లేకుండా, బండి 12 వోల్టుల కరెంటుతోనే నడిచే తెరలు వెతికాను.

తెర పొదిగిన హెడ్‌రెస్టులు కూడా దొరికాయి కానీ, సీటుతో పాటు కంపెనీ పరీక్షించి ఇచ్చిన హెడ్‌రెస్ట్‌ను తీసేసి, లోపల ఏ స్పాంజి, ఏ ఇనుము ఉందో తెలియని దాన్ని మెడ వెనక పెట్టుకోవడానికి మనసు ఒప్పలేదు. పైకప్పుకు వేలాడే మడత తెర అయితే మూడో వరసలో కూర్చున్నవారికీ కనిపిస్తుంది, అది నిజంగా మంచి గుణం. అయితే దాన్ని కిందికి దించితే డ్రైవరుకు లోపలి అద్దంలో వెనక దారి కనిపించదు. పైగా మా బండిలో ఏసీ గాలి పైకప్పు నుంచే వస్తుంది కాబట్టి అక్కడ కోత పెట్టడం ఇష్టం లేకపోయింది. చివరికి హెడ్‌రెస్ట్ కడ్డీలకు క్లాంపుతో బిగించే రకం తీసుకున్నాం. మూడో వరసలో కూర్చున్న మా మేనల్లుళ్లు మాత్రం ప్రతి పండక్కీ సీట్ల సందుల్లోంచి మెడలు చాచి చూస్తూనే ఉంటారు.

సికింద్రాబాద్‌లో ఒక కార్ డెకార్స్ దుకాణంలో పని ముప్పావు గంటలో ముగిసింది. కరెంటు ఎక్కడి నుంచి తీసుకున్నావని అడిగితే, బిగించిన కుర్రవాడు "ఏసీసీ లైనే సార్, బండి ఆపితే ఇవీ ఆగిపోతాయి" అన్నాడు. ఏసీసీ అంటే బండి ఆన్‌లో ఉన్నప్పుడే కరెంటు ఉండే లైను. బండి ఆపగానే తెరలు నల్లబడేవి కనుక నేనూ నమ్మాను. ఫిబ్రవరిలో బండిని అపార్ట్‌మెంటులో వదిలి తొమ్మిది రోజులు రైలులో ఊరెళ్లి వచ్చాక స్టార్ట్ బటన్ నొక్కితే టకటకమన్న చప్పుడు తప్ప ఇంజిన్ కదల్లేదు. పక్కవారి బండి నుంచి జంపర్ కేబుళ్లతో లేపి, మరునాడు మా వీధిలోని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మల్టీమీటరు పెట్టి చూస్తే 0.23 ఆంపియర్లు చూపించింది. అన్నీ ఆపేసి తాళం వేసిన బండి అందులో ఐదో వంతుకు మించి లాగకూడదట. లెక్క వేస్తే విషయం తేటతెల్లమైంది: తెరలు అదనంగా లాగుతున్నది 0.2 ఆంపియర్లనుకున్నా రోజుకు 4.8 ఆంపియర్-అవర్లు, తొమ్మిది రోజులకు 43. అరవై, డెబ్బై ఆంపియర్-అవర్ల బ్యాటరీలో అంత పోయాక డీజిల్ ఇంజిన్‌ను తిప్పే సత్తువ మిగలదు.

డోరు పట్టీలు ఊడదీసి చూస్తే ఇంకా చాలా బయటపడ్డాయి. కుర్రవాడు కరెంటు తీసుకున్నది ఏసీసీ లైను నుంచి కాదు, లోపలి దీపానికి వెళ్లే, ఎప్పుడూ కరెంటు ఉండే తీగ నుంచి. అందుకే తెరలు పైకి నల్లబడినా లోపల కరెంటు లాగుతూనే ఉన్నాయి. దాని పైతొడుగును బ్లేడుతో గీకి, తెరల తీగను మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాడు. మధ్యలో ఫ్యూజు లేదు. రెండు నెలలకే టేపు జిగురు కరిగి ఒక పక్కకు జారింది; రాగి బయటికి కనిపిస్తోంది. సీటు కింద తెర తీగను పసుపు గొట్టంలో వెళ్లే తీగలతో కలిపి ప్లాస్టిక్ టైతో బిగించాడు. పసుపు గొట్టంలోవి ఎయిర్‌బ్యాగ్ తీగలు. సీటు ముందుకూ వెనక్కూ జరిగినప్పుడల్లా అవి లాగుడు పడుతున్నాయి. బ్యాటరీ దిగిపోకపోతే ఇవేవీ నా కంట పడేవి కావు. ఆ రకంగా ఆ తొమ్మిది రోజుల ప్రయాణం నాకు మేలే చేసింది.

ఎలక్ట్రీషియన్ గారు పని మొత్తం తిరిగి చేయడానికి 1,800 రూపాయలు, ఒక పూట సమయం తీసుకున్నారు. ఫ్యూజు పెట్టెలో, బండి ఆన్ చేసినప్పుడే కరెంటు వచ్చే ఒక గడి నుంచి ఫ్యూజ్ ట్యాప్ (తీగ కోయకుండా కరెంటు తీసుకునే ముక్క) పెట్టి, తెరలకంటూ విడిగా 5 ఆంపియర్ల ఫ్యూజు వేశారు. ఒక్కో తెర సుమారు ఒక ఆంపియరు తీసుకుంటుంది కాబట్టి రెండింటికీ అది ధారాళంగా సరిపోతుంది. నెగటివ్‌ను బాడీ బోల్టుకు గట్టిగా బిగించి, తీగను ముడతల గొట్టంలో పెట్టి డోరు పట్టీ కింద నడిపించి, సీటు పూర్తిగా ముందుకు జరిగినా లాగుడు పడకుండా ఒక జానెడు వదులు ఉంచారు. టేపుకు బదులు వేడికి ముడుచుకునే తొడుగు వేశారు. అప్పటి నుంచి ఇప్పటివరకు ఆ తీగల్లో ఒక్క లోపమూ రాలేదు. వారంటీలో ఉన్న కొత్త బండి గలవారు తీగలు తెగ్గోయించే బదులు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ప్లగ్గుతోనే నడుపుకోవచ్చు. తీగ కాస్త కనిపిస్తుంది, అంతే.

ఒక చిన్న చికాకు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంజిన్ స్టార్టయ్యే క్షణంలో ఏసీసీ వైపు కరెంటు ఒక్కసారి తెగుతుంది కనుక, అప్పటికే వెలిగిన తెరలు ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తాయి. అందుకు నలభై సెకన్లు పడుతుంది. టీ కోసం ఆగిన ప్రతిసారీ ఇదే తంతు కాబట్టి, బండి స్టార్టయ్యేదాకా తెర ముట్టుకోకూడదని పిల్లలే ఒక నియమం పెట్టుకున్నారు.

ఇక తెరలలోని ఆండ్రాయిడ్ సంగతి. సెట్టింగుల్లో ఆండ్రాయిడ్ 10 అని రాసి ఉంటుంది. పరికరం వివరాలు చూపే ఒక యాప్ వేసి చూస్తే లోపల ఉన్నది 8.1. ఓటీటీ యాప్‌లు తెరుచుకుంటాయి గానీ బొమ్మ మసకగా వస్తుంది. కారణం నెట్ వేగం కాదు. వైడ్‌వైన్ అనే కాపీ రక్షణ ఏర్పాటులో ఎల్1 (పైది), ఎల్3 (కిందిది) అనే అంచెలున్నాయి. ఎల్3 మాత్రమే ఉన్న పరికరానికి పెద్ద ఓటీటీ సంస్థలు సాధారణంగా 480పి అనే తక్కువ స్పష్టతకు మించి పంపవు. ఈ తెరలకు ఉన్నది ఎల్3. పెట్టె మీద "ఫుల్ హెచ్‌డీ" అని అచ్చువేయడంలో అబద్ధం లేదు, గాజు ఫుల్ హెచ్‌డీయే. దాని మీదికి వచ్చే బొమ్మ మాత్రం కాదు. 2024 వచ్చేసరికి రెండు యాప్‌లు ఈ ఆండ్రాయిడ్ మీద నడవబోమని తేల్చి చెప్పాయి.

దీనికి విరుగుడుగా ఎడమ తెర హెచ్‌డీఎంఐ రంధ్రంలో టీవీ స్టిక్ పెట్టాం. మొదట అది ఐదు నిమిషాలకోసారి తనంతట తాను ఆగి మళ్లీ మొదలయ్యేది. అలాంటి స్టిక్‌కు 5 వోల్టుల దగ్గర ఒక ఆంపియరు కావాలి. తెర పక్కనున్న యూఎస్‌బీ రంధ్రం అందులో సగమే ఇస్తోంది. స్టిక్‌కు కరెంటు విడిగా కారు చార్జర్ నుంచి ఇచ్చాక ఆ బాధ తీరింది. కొనేముందు దుకాణంలోనే సొంత స్టిక్ పెట్టి చూసుకోవడం మంచిది, ఎందుకంటే హెచ్‌డీసీపీ (హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చే బొమ్మకు ఉండే కాపీ రక్షణ) లేని తెరలు బజారులో ఉన్నాయి. వాటి మీద మెనూ కనిపిస్తుంది, సినిమా మొదలవగానే తెర నల్లబడుతుంది.

అయినా మేము ఎక్కువగా వాడింది పెన్‌డ్రైవే. హైవే మీద సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్లాక చాలా దూరం అసలే ఉండదు. మా తెరలు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులనే చదువుతాయి, ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇది తెలియక మొదటి సంక్రాంతికి రాత్రంతా కూర్చుని ఎక్కించబోయిన పెద్ద ఫైళ్లు ఒక్కటీ పెన్‌డ్రైవులోకి దిగలేదు.

ఒకసారి శ్రీశైలం ప్రయాణంలో ఇంకో పాఠం నేర్చుకున్నాం. ఘాట్ మలుపులు మొదలైన పావుగంటకు తెర చూస్తున్న పాప కడుపులో తిప్పుతోందని చెప్పి, బండి పక్కకు ఆపేలోపే వాంతి చేసుకుంది. కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంటే, నిశ్చలంగా ఉన్న బొమ్మ మీద నిలిచిన కన్ను కదలడం లేదని చెబుతుంది. ఆ పొంతన కుదరకపోవడమే ఈ వికారానికి మూలం. ఒళ్లో ఫోను పెట్టుకుని తల వంచి చూడటం కంటే కంటి ఎత్తులో ఉన్న తెర నయమని మా అనుభవం, తిన్నని విజయవాడ హైవే మీద ఇద్దరికీ ఎన్నడూ ఇబ్బంది కలగలేదు. కానీ శ్రీశైలం, అరకు, తిరుమల ఘాట్లలో తెరలు ఆపేస్తాం. పిల్లలు మొదట గొణిగారు గానీ ఆ వాంతి గుర్తున్నందువల్ల పెద్దగా వాదించలేదు.

భద్రత విషయంలో రెండు సంగతులు ఉన్నాయి. క్లాంపు హెడ్‌రెస్ట్ కడ్డీల మీద నాలుగు సెంటీమీటర్ల చోటు ఆక్రమించడం వల్ల హెడ్‌రెస్ట్ పూర్తిగా కిందికి దిగదు. నాకు ఇబ్బంది లేదు. ఐదడుగుల ఒక అంగుళం ఉన్న నా భార్య నడిపేటప్పుడు మెత్తటి భాగం తలకు పైగా వచ్చి, మెడ వెనక ఖాళీ మిగిలింది. వెనక నుంచి ఏదైనా బండి గుద్దినప్పుడు మెడను కాపాడేది ఆ మెత్తటి భాగమే కాబట్టి, డ్రైవరు వైపు సన్నని క్లాంపు తెప్పించి మార్చాం. రెండోది, గట్టి బ్రేకు వేస్తే ముందుకు తూలే పిల్లవాడి ముఖానికి ఎదురుగా ఇప్పుడు మెత్తటి సీటు బదులు గాజు పలక ఉంది. వెనక కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలని చట్టం ఎప్పటి నుంచో చెబుతున్నా, 2022 సెప్టెంబరులో వెనక సీటులో బెల్టు పెట్టుకోకుండా కూర్చున్న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో మరణించేదాకా మా ఇంట్లో అది అంతంతమాత్రంగానే అమలయ్యేది. ఇప్పుడు బెల్టు పెట్టుకోని పక్క తెర వెలగదు. సెన్సరు ఏమీ లేదు, నా భార్య ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే చాలు.

రాత్రి ప్రయాణంలో తెరల వెలుగు వెనక అద్దం మీద, పక్క కిటికీల మీద ప్రతిఫలించి, ఎడమవైపు మిర్రర్ చూడబోతే మధ్యలో కార్టూను బొమ్మ కదులుతుంది. వెలుగు కనిష్ఠానికి తగ్గించినా పూర్తిగా పోదు. చీకటి పడ్డాక తెరలు కట్టేయడమే మా పద్ధతి. శబ్దం విషయంలో చెప్పడానికి అంతగా ఏమీ లేదు: పిల్లలకు తీగ ఉన్న హెడ్‌ఫోన్లే నయం, బ్లూటూత్ వాటిలో పెదవులు కదిలిన కాసేపటికి మాట వినిపించేది.

ఇన్ని లోపాలు చెప్పాను కనుక మేలు కూడా చెప్పాలి. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్ దగ్గర బండ్లు బారులు తీరి, గంటన్నరలో రెండు కిలోమీటర్లు కదిలిన రోజున వెనక సీట్లలో ఒక్క పేచీ లేదు. అంతకుముందు ఏడాది అదే చోట నేను రెండుసార్లు అరిచాను. నగరంలో, గంటలోపు తిరుగుళ్లలో మాత్రం తెరలు వేయం. అలవాటు చేస్తే సూపర్ మార్కెట్‌కు వెళ్లినా అడుగుతారు.

ఇప్పటికి 48 వేల కిలోమీటర్లు ఈ తెరలతో తిరిగాం. కుడి తెర కింది అంచు వేలి స్పర్శను పట్టించుకోవడం మానేసి ఏడాది దాటింది; ఎడమదాని మూలలో రూపాయి బిళ్లంత మచ్చ వచ్చింది. రెండూ వేసవి చలవే. ఇవి పూర్తిగా పోయాక ఆండ్రాయిడ్ ఉన్నవి మళ్లీ కొనను. హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న మామూలు డిస్‌ప్లేలు తీసుకుని, రెండేళ్లకోసారి స్టిక్ మార్చుకుంటాను. తీగల పని ఎలాగూ సిద్ధంగా ఉంది. పెద్దవాడు పద్నాలుగో ఏట అడుగుపెట్టాక తెర వైపు చూడటం లేదు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీలోంచి చూస్తాడు. అతని సీటు ఇప్పుడు వాళ్ల మామ్మది. ఆమె సూర్యాపేట దాకా ప్రవచనాలు, అక్కడి నుంచి పాత సినిమాలు చూస్తుంది. కొత్తవి పెట్టించేటప్పుడు కళ్లజోడు కింది అద్దంలోంచి కనిపించేలా నాలుగు వేళ్లు కిందికి బిగించమని ఇప్పటికే రెండుసార్లు చెప్పింది.