బస్తాలో వచ్చే వర్మీకంపోస్టు: నారుకు మేలు, పొలానికి చాలదు

సేంద్రియ సాగులోకి కొత్తగా అడుగుపెట్టేవారు నేల బాగుపడాలన్న ఆశతో మొట్టమొదట కొనేది చాలావరకు వర్మీకంపోస్టు, అంటే వానపాములతో తయారుచేసే ఎరువు, బస్తానే. నేను వాడి చూసినది 40 కిలోల బస్తా. పేడ, పంట వ్యర్థాలతో తయారుచేసినట్లు దాని మీద రాసి ఉంది. తేమ 25 శాతం, సేంద్రియ కర్బనం 18 శాతం, నత్రజని 1.2 శాతం అని అంకెలు కూడా ముద్రించారు. బస్తాతో పాటు ఇచ్చిన కరపత్రం మాత్రం ఇంకా చాలా దూరం వెళ్లి, ఒక్క పంటకాలంలోనే నిస్సారమైన నేల సారవంతమవుతుందని, ఆ తర్వాత మరే ఎరువూ అక్కరలేదని చెబుతోంది. సరుకు నిజంగా మంచిదే కనుక, దాన్నీ కరపత్రాన్నీ విడివిడిగా తూచి చూడటం న్యాయమని నాకు అనిపించింది.

బస్తా మూతి విప్పగానే తొలకరి తడిసిన మట్టి వాసన వచ్చింది తప్ప ముక్కును మండించే అమ్మోనియా ఘాటు గానీ, పచ్చి పేడ వాసన గానీ లేదు. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కితే ముద్ద కట్టింది, వేళ్ల మధ్య నీరు కారలేదు, బొటనవేలితో తాకగానే ఆ ముద్ద పొడిపొడిగా విడిపోయింది. ఇవన్నీ బాగా మాగిన ఎరువు లక్షణాలు. జల్లెడ పట్టినప్పుడు పైన మిగిలినవి కొన్ని గడ్డి పుల్లలు, రెండు మూడు చిన్న రాళ్లు, గోనె దారపు పోగులు. గాజు గ్లాసులో నీళ్లు పోసి గుప్పెడు ఎరువు కలిపి కదలకుండా ఉంచితే అడుగున ఇసుక పలుచని పొరగా మాత్రమే తేరింది. బరువు కోసం ఇసుకో మట్టో కలిపే చోట ఆ పొర మందంగా కనబడుతుంది కాబట్టి, ఎవరు ఏ బస్తా కొన్నా ఈ చిన్న పరీక్ష చేసుకోవడం మంచిది.

కర్బనాన్ని నత్రజనితో భాగిస్తే నిష్పత్తి 15 వస్తుంది. ఇది 20కి లోపు ఉండటం ముఖ్యం. ఇంకా కుళ్లని ఎండు గడ్డిలో ఈ నిష్పత్తి 80 దాకా ఉండవచ్చు. దాన్ని నేరుగా నేలలో కలిపితే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమ అవసరానికి నేలలోని నత్రజనినే లాక్కుంటాయి, పైరు కొన్నాళ్లు పసుపుపచ్చగా మారి నిలిచిపోతుంది. ఈ ఎరువుతో ఆ బెడద లేదు.

సేంద్రియ రైతు అన్నిటికన్నా ఎక్కువగా భయపడవలసినది కంటికి కనబడని కలుపుమందు అవశేషాలకు. గడ్డి భూముల్లో వెడల్పాకు కలుపును చంపడానికి వాడే అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ వంటి మందులు పశువు కడుపులో గానీ కంపోస్టు కుప్పలో గానీ అంత త్వరగా విచ్ఛిన్నం కావు. ఆ గడ్డి మేసిన పశువుల పేడతో చేసిన ఎరువు చిక్కుళ్లను, టమాటాలను దెబ్బతీయగలదు. అందుకని ఒక కుండీలో మామూలు మట్టి, మరొక కుండీలో ఈ ఎరువు కలిపిన మట్టి పోసి, రెండింటిలోనూ చిక్కుడు గింజలు నాటి చూశాను. అవశేషాలు ఉంటే కొత్త ఆకులు దొప్పల్లా ముడుచుకుంటాయి, కాడలు మెలితిరుగుతాయి. రెండు కుండీల్లోనూ మూడాకులు చక్కగా విచ్చుకుని చదునుగా నిలిచాయి. ఈ పరీక్షలో సరుకు పూర్తిగా నెగ్గింది.

కలుపు గింజల విషయంలో అంత మెచ్చుకోలేను. ఏ విత్తనమూ వేయని పళ్లెంలో ఈ ఎరువు పరిచి తడిపి ఉంచితే కొన్ని కలుపు మొలకలు లేచాయి. వేడిగా మాగే కంపోస్టు కుప్పలో ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తే చాలా రకాల కలుపు గింజలు చస్తాయి. వానపాములు ఆ వేడికి బతకవు కాబట్టి వాటి మడులను 35 డిగ్రీల లోపే ఉంచుతారు. ముడిసరుకును ముందుగా వేడి దశ దాటించి ఆ తర్వాతే వానపాములకు వేసే తయారీదారులు ఉన్నారు. ఈ బస్తా తయారీదారు ఆ పని చేసినట్లు లేదు, చేస్తే బాగుంటుంది.

ఇక కరపత్రం మాటలకు వస్తే, కాస్త లెక్క అవసరం. ఒక హెక్టారు నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 2,000 టన్నులు. హెక్టారుకు 5 టన్నుల వర్మీకంపోస్టు, అంటే ఇటువంటి బస్తాలు 125, వేశామనుకుందాం. అందులో ఉండే కర్బనం 900 కిలోలు. అది ఒక్క గ్రాము కూడా పోకుండా నేలలోనే ఉండిపోయినా సేంద్రియ కర్బనం పెరిగేది 0.045 శాతం, కానీ సూక్ష్మజీవులు తిని శ్వాసించడం వల్ల అందులో గణనీయమైన భాగం బొగ్గుపులుసు వాయువుగా మళ్లీ గాలిలో కలుస్తుంది. 60 కిలోల నత్రజనిలో కూడా తొలి పంటకు అందేది కొంత భాగమే. నత్రజని చాలడం లేదని ఏటేటా బస్తాలు పెంచుకుంటూ పోతే పైరుకు అక్కరలేనంత భాస్వరం నేలలో పేరుకుంటుంది. ఒక్క పంటకాలంలో నేల మారిపోతుందన్న హామీ ఈ లెక్క ముందు నిలబడదు.

అదే హెక్టారులో జీలుగ గానీ జనుము గానీ చల్లి, బాగా ఎదిగిన పైరును పూత దశలో కలియదున్నితే 15 నుంచి 20 టన్నుల పచ్చిరొట్ట అందుతుంది. దానిలోని కర్బనం గాలి నుంచి వచ్చినది, నత్రజనిలో చాలా భాగం వేరుబుడిపెల్లోని బాక్టీరియా స్థిరీకరించినది. పచ్చిరొట్ట ఆకు త్వరగా కుళ్లిపోయేదే అయినా, వేళ్ల నుంచి వచ్చే కర్బనం ఆకూ కాడల నుంచి వచ్చే కర్బనం కన్నా ఎక్కువ కాలం నేలలో నిలుస్తుంది. నేలకు బలం ప్రధానంగా బతికి ఉన్న వేళ్ల వల్ల, వాటి చుట్టూ అల్లుకునే శిలీంధ్రపు పోగుల వల్ల వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను, బస్తా ఎరువు దానికి తోడు మాత్రమే. ఏళ్ల తరబడి దున్నని గట్టు మీది ఎండు మట్టిగడ్డను, ప్రతిసారీ దున్నుతూ వర్మీకంపోస్టు వేసిన మడిలోని ఎండు గడ్డను నీళ్ల గ్లాసుల్లో మెల్లగా దించి చూస్తే ఇది కళ్లారా కనబడుతుంది: మడిలోని గడ్డ నిమిషాల్లో అంచుల నుంచి రాలుతూ బురదగా కూలిపోయింది, గట్టు మీది గడ్డ చుట్టూ నీరు తేటగానే ఉండిపోయింది.

కరపత్రంలో మరొక మాటను తప్పనిసరిగా సరిదిద్దాలి. ఎరువుతో వచ్చే గుడ్ల నుంచి వానపాములు పుట్టి పొలమంతా విస్తరిస్తాయని రాశారు. కంపోస్టు మడుల్లో పెంచే ఐసీనియా ఫెటిడా వంటి ఎర్ర వానపాములు పైపైన కుళ్లుతున్న చెత్తలో బతికేవి; చెత్త లేని ఉత్త మట్టిలో అవి నిలదొక్కుకోవు. నేలలో లోతుగా బొరియలు చేసి వాననీటికి దారి ఇచ్చే జాతులు వేరు, అవి రావాలంటే దుక్కి తగ్గించి, నేలను ఆకులతోనో గడ్డితోనో కప్పి ఉంచాలి. కరపత్రంలోని ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి ఎవరైనా ఆచ్ఛాదన మానేస్తే నిజంగా నష్టపోతారు.

నారుమడి దగ్గర మాత్రం ఈ ఎరువు పనితనం నన్ను సంతోషపెట్టింది. నారు పోసే మిశ్రమంలో ఘనపరిమాణంలో ఐదో వంతు మించకుండా కలిపితే మొలకలు సమంగా లేచాయి, నారు పీకినప్పుడు వేళ్లు మట్టిని పట్టుకుని గుత్తిగా వచ్చాయి. సగానికి సగం కలిపిన చోట మొలకలు కురచగా ఉండిపోయాయి. లవణాలు ఎక్కువైనప్పుడు లేత వేళ్లకు ఇలాగే జరుగుతుంది. నాట్ల సమయంలో పాదుకు ఒక గుప్పెడు వేయడం కూడా గుణం ఇచ్చింది. కూరగాయల నారు పెంచేవారికి, కుండీల్లో మొక్కలు పెంచేవారికి నేను దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పొలమంతటికీ చల్లాలనుకునేవారు ముందు మట్టి పరీక్ష చేయించుకుని, పచ్చిరొట్టకు, పంటమార్పిడికి చోటు చూసుకుని, ఆ తర్వాతే బస్తాల సంగతి ఆలోచించాలి.

తయారీదారు సరిచేయవలసినవి ఎక్కువేమీ లేవు. బస్తా మీద తయారైన తేదీ లేదు, లవణాల మోతాదు లేదు. సూక్ష్మజీవులు కోట్లలో ఉన్నాయని పెద్ద అక్షరాలతో వేసి, అవి ఏ రకమో, ఎప్పటి వరకు బతికి ఉంటాయో చెప్పలేదు. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో బిగించడం వల్ల ప్రాణమున్న సరుకు ఊపిరాడక పాడవుతుంది. గాలి ఆడే సంచిలోకి మార్చాలి. సేంద్రియ ధ్రువీకరణ ఉన్న రైతు అయితే ముడిసరుకు ఎక్కడిదో రాతపూర్వకంగా అడిగి తీసుకుని, తన ధ్రువీకరణ సంస్థకు చూపించి, వారు సరేనన్నాకే బస్తాను పొలంలోకి తీసుకువెళ్లాలి.